క్లబ్బును కొన్నవాడు దాని పేరు, రంగు, ఊరు కూడా కొన్నట్టేనా?

గ్యాలరీ గొంతు:

2024 మొదట్లో జర్మన్ ఫుట్‌బాల్ లీగు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆట నడుస్తుండగానే స్టాండ్లలోంచి టెన్నిస్ బంతులు వచ్చి పడేవి. రెఫరీ ఆట ఆపేవాడు, సిబ్బంది వచ్చి ఏరేవారు, ఆట మొదలైతే మళ్లీ పడేవి. హెర్తా బెర్లిన్, హాంబర్గ్ మ్యాచ్ అయితే అరగంటకు పైగా ఆగిపోయింది. ఒక మైదానంలోకి రిమోట్ కార్లు కూడా వదిలారు.

అభిమానుల కోపానికి కారణం ఒక ఒప్పందం. వచ్చే 20 ఏళ్ల ప్రసార హక్కుల ఆదాయంలో 8 శాతం వాటాను ఒక పెట్టుబడి సంస్థకు ఇచ్చి, బదులుగా దాదాపు 100 కోట్ల యూరోలు తెచ్చుకుందామని లీగు అనుకుంది. 2023 డిసెంబరులో 36 క్లబ్బులు రహస్య ఓటు వేశాయి. మూడింట రెండొంతుల మద్దతు కావాలి, అంటే 24 ఓట్లు. సరిగ్గా 24 పడ్డాయి. అందులో ఒకటి, 'వద్దని ఓటెయ్యి' అని సొంత సభ్యులు చెప్పి పంపిన ప్రతినిధిదేమో అని అనుమానం లేచింది. అక్కడి నుంచి గొడవ ముదిరింది. చివరికి ఫిబ్రవరి 21న లీగు ఆ ఒప్పందాన్నే వదులుకుంది.

ఇంకో దేశంలో అయితే అభిమానులు అరిచి అరిచి ఇంటికి పోయేవారు. జర్మనీలో గెలిచారంటే దాని వెనక 50+1 నిబంధన ఉంది. 1998లో క్లబ్బులు తమ ఫుట్‌బాల్ విభాగాన్ని కంపెనీగా మార్చుకోవడానికి అనుమతిచ్చినప్పుడే ఈ షరతు పెట్టారు. బయటివాడు ఎంత డబ్బయినా పెట్టుకోవచ్చు, కానీ ఓటు హక్కుల్లో సగం కంటే ఒకటి ఎక్కువ, క్లబ్బు సభ్యులైన అభిమానుల సంఘం చేతిలోనే ఉండాలి.

ఇలాంటిది ప్రతి దేశంలోనూ ఉండాలన్నది నా పక్షం. నన్ను ఈ పక్షానికి తెచ్చింది మాత్రం జర్మనీ కాదు, లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఇంగ్లండ్ జాతీయ కప్పు అయిన ఎఫ్ఏ కప్ గెలిచిన జట్టు అది. దాని యజమానులు క్లబ్బును లండన్ నుంచి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామన్నారు. 2002 మేలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సమాఖ్య నియమించిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1తో సరేనంది. అభిమానులు వేరే క్లబ్బు పెట్టుకుంటే అది ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా ఆ కమిషన్ రాసింది. ఆ మాట ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు మండుతుంది. నూరేళ్లకు పైబడిన క్లబ్బును ఊరు దాటిస్తే ఆటకు మంచిదట, దాన్ని కాపాడుకుంటామంటే చెడ్డదట!

అభిమానులు ఆ మాట వినలేదు. కొద్ది వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పుట్టింది. ఊళ్లోని బహిరంగ మైదానంలో ఎవరొస్తే వాళ్లకు సెలెక్షన్ పెట్టి జట్టు కట్టారు. తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011కల్లా నాలుగో డివిజన్‌కు ఎక్కారు. 2020 నవంబరులో తమ పాత వీధి ప్లౌ లేన్‌కే, సొంత స్టేడియంతో తిరిగొచ్చారు.

క్లబ్బు అంటే ఒక కంపెనీ, ఒక లైసెన్సు అనుకుంటే అది మిల్టన్ కీన్స్‌కు పోయింది. మరి జనం ఎందుకు దాని వెంట పోలేదు? కాదనేవాళ్లు కారణాలు చెప్పండి. డబ్బు లేకపోతే ఆట లేదన్న ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు.

---

లెక్కల పుస్తకం:

ఒక్క ముక్కతో సరిపెట్టనండి, వివరంగానే చెబుతాను.

మీరు మెచ్చుకున్న 50+1 ఉన్న లీగులోనే బాయర్న్ మ్యూనిక్ 2013 నుంచి 2023 వరకు వరసగా 11 సార్లు టైటిల్ కొట్టింది. చివరికి ఆ వరస తెంచింది ఎవరు? లెవర్‌కూజెన్. ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉన్న క్లబ్బు, మందుల కంపెనీ బాయర్ సొత్తు. బయటి పెట్టుబడిని ఆపితే నిన్న పెద్దగా ఉన్నవాడు రేపూ పెద్దగానే ఉంటాడు. చిన్నవాడు ఎదిగే దారి మూసుకుపోతుంది.

ఇక ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్. థాయ్‌లాండ్ వ్యాపారి విచాయ్ శ్రీవద్ధనప్రభ 2010లో కొన్నారు. క్లబ్బుకు తానిచ్చిన అప్పు 10 కోట్ల పౌండ్లకు పైగా ఉంటే దాన్ని వాటాలుగా మార్చేసి బరువు దించారు. 2016లో లెస్టర్, ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై అంచె అయిన ప్రీమియర్ లీగు గెలిచింది. 2018లో స్టేడియం పక్కనే హెలికాప్టర్ కూలి ఆయన చనిపోతే ఊరు ఊరంతా పూలు తెచ్చి అక్కడ పెట్టింది. ఆ పూలు ఒక కంపెనీ యజమానికి పెట్టినవి కావు. బ్లాక్‌బర్న్‌లో జాక్ వాకర్ కూడా అంతే, 1995 టైటిల్ ఆయన చలవే.

అన్నిటికంటే ముఖ్యమైంది పోర్ట్స్‌మత్. 2008లో ఎఫ్ఏ కప్, 2010లో దివాలా ప్రక్రియ. ప్రీమియర్ లీగులో ఉండగానే ఆ గతి పట్టిన మొదటి క్లబ్బు అది. పడుతూ పడుతూ నాలుగో డివిజన్ చేరే వేళకు, 2013లో అభిమానులే చందాలు వేసుకుని కొన్నారు, అప్పులు తీర్చారు. గొప్ప పని, చేతులెత్తి దండం పెడతాను. తర్వాత? 2017లో ఆ అభిమానులే ఓటు వేసి, డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్ సంస్థకు అమ్మేశారు. రెక్సమ్ అభిమానులు కూడా పదేళ్లు తామే నడిపి, 2020లో ఓటింగు పెడితే 98 శాతానికి పైగా 'అమ్ముదాం' అన్నారు. కొన్నది ఇద్దరు సినిమా, టీవీ నటులు. 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు మూడు మెట్లు ఎక్కింది.

నడిపి చూసినవాళ్లే అమ్ముదామంటే, ఎన్నడూ నడపని మనం వద్దనడం ఎలా కుదురుతుంది?

---

ఎడమ వింగర్:

లెక్కల పుస్తకం అన్నా, మీరు జేబులోంచి పెట్టిన యజమానుల పేర్లే చెప్పారు. జేబులో వేసుకున్నవాళ్ల సంగతో?

నేను మాంచెస్టర్ యునైటెడ్ మనిషిని. 2005లో గ్లేజర్ కుటుంబం దాదాపు 79 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొంది. అందులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పు ఎవరి నెత్తిన పడింది? క్లబ్బు నెత్తినే. నేను బ్యాంకు నుంచి అప్పు తెచ్చి మీ ఇల్లు కొని, ఆ వాయిదాలు ఇంట్లో అద్దెకున్న మీ చేతే కట్టిస్తే ఎలా ఉంటుంది? అలాంటిదే ఇది. అంతకుముందు ఒక్క పైసా అప్పు లేని క్లబ్బు అది. టికెట్ డబ్బు, టీవీ డబ్బు, జెర్సీ డబ్బు, అన్నింట్లోంచీ ఏటా వడ్డీకి పోతూ వచ్చింది.

కోచ్ ఫెర్గూసన్ ఉన్నన్నాళ్లు టైటిళ్లు వచ్చాయి, నిజమే. 2007 నుంచి 2013 లోపల అయిదు. అందుకే చాలామంది నోరు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి. 2010లో స్టేడియం నిండా పచ్చ, బంగారు రంగు స్కార్ఫులు కనిపించినప్పుడు, క్లబ్బు మొదటి పేరు న్యూటన్ హీత్ నాటి రంగులవి, నాకు ఒళ్లు జలదరించింది. కానీ మరుసటి వారం గెలవగానే మర్చిపోయాను. పైకప్పు కారుతున్న స్టేడియం చూసినప్పుడు ఇప్పుడు గుర్తొస్తోంది.

మర్చిపోనివాళ్లు కొందరున్నారు. 2005లోనే వాళ్లు బయటికొచ్చి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ పెట్టుకున్నారు. ఎన్ని వాటాలు కొన్నా సభ్యుడికి ఒకే ఓటు. 2015లో సొంత మైదానం కట్టుకున్నారు. కింది డివిజన్లలోనే ఆడుతున్నారు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఆ క్లబ్బు ఎవరికీ వడ్డీ కట్టే పనిముట్టు కాదు.

---

పదో నంబర్:

గ్యాలరీ గొంతు గారూ, సభ్యుల చేతిలో ఉంటే చాలు అంతా శుభ్రంగా ఉంటుందన్నట్టు రాశారు. నాకు అక్కడే అభ్యంతరం.

2021 ఏప్రిల్ 18 రాత్రి 12 క్లబ్బులు కలిసి యూరోపియన్ సూపర్ లీగ్ ప్రకటించాయి. స్థాపక క్లబ్బులకు ఎంత చెత్తగా ఆడినా స్థానం పోదు. రెండు రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. చెల్సీ స్టేడియం బయట జనం రోడ్డుకు అడ్డం నిలబడితే జట్టు బస్సు కదల్లేదు. ప్రైవేటు యజమానులున్న ఆ క్లబ్బులు జడిసి తప్పుకుంటే, చివరిదాకా పట్టుబట్టి నిలబడ్డవి ఏవి? రియల్ మాడ్రిడ్, బార్సిలోనా. రెండూ సభ్యుల సొత్తే! స్పెయిన్‌లో 1990 చట్టం దాదాపు అన్ని క్లబ్బులనూ కంపెనీలుగా మార్చినప్పుడు మినహాయింపు దొరికిన నాలుగింటిలో రెండు.

రియల్ అధ్యక్ష పదవికి నిలబడాలంటే 20 ఏళ్ల సభ్యత్వం ఉండాలి, క్లబ్బు బడ్జెట్లో 15 శాతానికి సొంత ఆస్తి మీద బ్యాంకు గ్యారంటీ తేవాలి. ఎంతమంది తేగలరు? 2021 ఏప్రిల్‌లో, సూపర్ లీగ్ ప్రకటనకు కొద్ది రోజుల ముందు, ఫ్లొరెంటినో పెరెజ్ పోటీ లేకుండా మళ్లీ అధ్యక్షుడయ్యారు. పేరుకు వేలాది యజమానులు, నిలబడగలిగినవాడు ఒక్కడు.

బార్సిలోనా ఎన్నికల్లో పోటీ ఉంటుంది. ఏమైంది? గెలవడానికి వాగ్దానాలు, వాగ్దానాల కోసం కొనుగోళ్లు, కొనుగోళ్ల కోసం అప్పులు. 2021లో తేలిన బాకీ దాదాపు 135 కోట్ల యూరోలు. ఆ ఆగస్టులో మెస్సీ కన్నీళ్లతో వెళ్లిపోయాడు. ఒకప్పుడు జెర్సీ మీద డబ్బిచ్చే కంపెనీ పేరే వేసుకోని క్లబ్బు అది. 2006లో యూనిసెఫ్ పేరు వేసుకుని, ఎదురు తామే విరాళం ఇచ్చారు. అక్కడి నుంచి స్టేడియం పేరుకు ముందు స్పాటిఫై తగిలించుకునేదాకా వచ్చింది. సభ్యులు ఓటేసి ఒప్పుకున్నదే.

---

గ్యాలరీ గొంతు:

పదో నంబర్ గారి మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. రియల్ షరతుల గురించి మీరు రాసింది చదివాక, 'సభ్యుల క్లబ్బు' అన్న మాటను నేను కొంచెం అలవోకగా వాడేశాననిపించింది. ఓటు ఉండటం వేరు, ఆ ఓటుతో ఏదైనా ఆపగలగడం వేరు.

స్వీడన్ మీద మాత్రం ఒక మాట. అక్కడా 51 శాతం సభ్యులదే. క్లబ్బు సమావేశాల్లో సభ్యులు వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ తీర్పును సరిచూసే పద్ధతి) వద్దని తీర్మానాలు చేస్తూ పోతే, 2024లో దేశపు సమాఖ్య 'అయితే మేము తేవడం లేదు' అని ప్రకటించింది. వీఏఆర్ మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. స్టేడియంలో నిలబడేవాడు అడిగిన మాట పై అంచెదాకా చేరింది. ఇంగ్లండ్‌లో అది జరుగుతుందా?

---

రాత్రి మ్యాచ్:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నాను. ఈ ఓటు నాకుంటుందా?

నేను పదిహేనేళ్లుగా లివర్‌పూల్ అభిమానిని. స్టేడియంలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే మ్యాచ్‌కి ఇంట్లోవాళ్లు లేవకుండా శబ్దం తగ్గించి చూస్తాను. గోల్ పడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. నా ప్రేమ తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. కానీ ఈ వ్యాపారం అంతా నాలాంటివాళ్ల మీదే నిలబడిందని కూడా తెలుసు. నేను కట్టే చందా వల్లే ప్రసార హక్కులకు ఆ ధర. నాకు అనువైన వేళకు మ్యాచ్ పెట్టడం కోసమే, అక్కడెవరో తెల్లవారక ముందే లేచి రైలెక్కి దేశం ఆ చివర నుంచి ఈ చివరకు వెళ్తారు. సూపర్ లీగ్ పెట్టినవాళ్లు లెక్కేసుకున్నదీ నన్నే. ఊళ్లోవాళ్లు అలిగినా ఫరవాలేదు, ప్రపంచం చూస్తుంది అనుకున్నారు.

2016 ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్ చూస్తున్నాను. కొత్త స్టాండ్‌లో టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నందుకు, 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్నాం. వాళ్లు వెళ్లాక రెండు గోల్స్ పడి 2-2 అయింది. ఖాళీ కుర్చీలు చూస్తూ నాకు మొదట వచ్చింది కోపం. మ్యాచ్ మధ్యలో ఎలా వదిలేస్తారని. నాలుగు రోజులకు యజమానులు క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. అప్పుడర్థమైంది, వాళ్లు చేసిన పని నేను చేయలేను. నేను టీవీ కట్టేస్తే ఎవరికీ ఖాళీ కుర్చీ కనబడదు.

అందుకని నా అభిప్రాయం చెబుతున్నాను, నాకు నష్టమైనా సరే. ఓటు స్టేడియానికి వచ్చేవాళ్లకే ఉండాలి. నాకు ఓటిస్తే నేను మంచి ఆటగాణ్ణి కొనమంటాను. టికెట్ ధర గురించి నాకు పట్టదు, ఎందుకంటే నేను కొనను.

---

ఎడమ వింగర్:

రాత్రి మ్యాచ్ గారూ, చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నాకూ వర్తిస్తుంది.

---

నలుపు తెలుపు చారలు:

న్యూకాజిల్ గురించి ఎవరో ఒకరు ఎత్తుతారని ఎదురు చూస్తున్నాను. నేనే ఎత్తుతాను.

14 ఏళ్లు ఒక యజమాని కింద ఉన్నాం. రెండుసార్లు కింది డివిజన్‌కు పడ్డాం. సెయింట్ జేమ్స్ పార్క్ పేరు తీసేసి ఆయన దుకాణాల పేరు పెట్టారు. మరుసటి ఏడు ఇంకో స్పాన్సర్ వచ్చి పాత పేరు తిరిగి ఇచ్చేదాకా అలాగే ఉంది. సొంత స్టేడియాన్ని సొంత పేరుతో పిలవడానికి స్పాన్సర్ దయ కావలసి వచ్చింది. అలాంటి స్థితిలో 2021 అక్టోబరులో సౌదీ ప్రభుత్వ నిధి 80 శాతం కొంది. జనం స్టేడియం బయట ఆడారు, పాడారు. 2025 మార్చిలో వెంబ్లీలో లీగ్ కప్ గెలిచాం, 2-1. రాత్రి మ్యాచ్ గారూ, మీ మీదే. 1955 తర్వాత దేశంలో మేం గెలిచిన మొదటి పెద్ద ట్రోఫీ. ఆ రాత్రి ఏడ్చాను. 70 ఏళ్లు.

నాకు తెలియక కాదు. 2018లో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో జర్నలిస్టు జమాల్ ఖషోగ్గిని చంపారు. ఆయన్ని పెళ్లాడవలసిన స్త్రీ ఈ అమ్మకం ఆపండని బతిమాలింది. సౌదీ ప్రభుత్వం క్లబ్బును నియంత్రించదని చట్టబద్ధమైన హామీ తీసుకున్నామని ప్రీమియర్ లీగు చెప్పింది. ఆ హామీని మనసారా నమ్మినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఈ రెండూ నాలోనే ఉన్నాయి, ఒకదాన్ని తోసేసి ఒకటి ఉంచుకోలేకపోతున్నాను. యజమానిని ఎంచుకునే అవకాశం మాకెవరూ ఇవ్వలేదు. నేరం మాత్రం మా మీద పడుతుంది. ఎవడో అమ్మాడు, ఎవడో కొన్నాడు, లీగు ముద్ర వేసింది. జవాబు మాత్రం స్కార్ఫ్ వేసుకున్నవాడు చెప్పాలి.

---

లెక్కల పుస్తకం:

గ్లేజర్ల లెక్క మీద ఎడమ వింగర్‌తో నాకు పేచీ లేదు. క్లబ్బునే తాకట్టు పెట్టి క్లబ్బును కొనడం నిషేధించాల్సిందే. అది పెట్టుబడి కానే కాదు.

పైగా నేను మొదటి పోస్టులో దాటేసిన పేరొకటుంది. బ్యూరీ. 1885లో పుట్టి రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు. 2018 డిసెంబరులో ఒక్క పౌండుకు చేతులు మారింది. కొన్నాయన క్లబ్బును నడిపే డబ్బు తన దగ్గర ఉందని లీగుకు చూపించలేకపోయాడు. 2019 ఆగస్టు 27, ఆఖరి గడువు రోజు. కొత్త కొనుగోలుదారు వస్తాడన్న ఆశతో, వారాంతం మ్యాచ్ కోసం అభిమానులు చీపుళ్లు, బకెట్లు పట్టుకుని వచ్చి స్టేడియం కడిగారు. కుర్చీలు తుడిచారు. ఆ రాత్రే లీగు క్లబ్బును బహిష్కరించింది. నేను ఖాతాలు చూసే పనిలో ఉన్నవాణ్ణి, మూతపడ్డ సంస్థలు చాలా చూశాను. మూతపడే రోజున వినియోగదారులొచ్చి నేల తుడిచిన సంస్థను ఎక్కడా చూడలేదు. ఫుట్‌బాల్ క్లబ్బు మామూలు వ్యాపారం కాదని ఒప్పుకుంటున్నాను.

అయినా నా మందు 50+1 కాదు. కొనేవాడిని పరీక్షించడం, లెక్కలు ముందే చూడడం. బ్యూరీ తర్వాత ఇంగ్లండ్‌లో సమీక్ష జరిగింది. 2025 జులైలో చట్టం వచ్చింది, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. చిహ్నం, సొంత మైదానపు జెర్సీ రంగులు మార్చాలంటే అభిమానుల మద్దతు ఉందని చూపాలి. స్టేడియం అమ్మాలంటే అనుమతి కావాలి. యజమాని యజమానిగానే ఉంటాడు, కొన్నింటి జోలికి వెళ్లలేడు. నాకు ఇది చాలు.

---

పాత జెర్సీ:

రంగుల మాట వచ్చింది కాబట్టి. నేను ఎటు పక్షమూ కాదు, రంగుల పక్షం.

కార్డిఫ్ సిటీ నీలం జట్టు, ముద్దుపేరే నీలి పిట్టలు. 2012లో యజమాని విన్సెంట్ టాన్ ఎరుపు చేశారు. ఆ ఎరుపులోనే 2013లో ప్రీమియర్ లీగుకు ఎక్కారు. పెట్టుబడి కోసం సరేనన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను తప్పు పట్టలేను. కానీ కోరుకున్న చోటికి చేరాక కూడా స్టాండ్లలో నీలం స్కార్ఫులు తగ్గలేదు. 2015 జనవరిలో నీలం తిరిగొచ్చింది. హల్ సిటీని హల్ టైగర్స్ అని మారుస్తామన్నారు, 2014లో సమాఖ్య కుదరదంది.

ఆస్ట్రియా దేశంలోని సాల్జ్‌బర్గ్‌లో అదీ దక్కలేదు. 2005లో రెడ్ బుల్ కొనగానే ఊదా, తెలుపు పోయి ఎరుపు, తెలుపు వచ్చాయి. అభిమానులు మొత్తుకుంటే, గోల్‌కీపర్ మేజోళ్లు ఊదా రంగులో ఉంచుతామన్నారట. మేజోళ్లు! వాళ్లు లేచి వెళ్లి ఏడో అంచె నుంచి కొత్త ఆస్ట్రియా సాల్జ్‌బర్గ్ కట్టుకున్నారు. రెడ్ బుల్ జట్టు టైటిల్ మీద టైటిల్ గెలిచింది. ఊదా జట్టు 2015లో రెండో డివిజన్ దాకా వచ్చింది.

మన దేశంలో మోహన్ బగాన్‌ది కూడా ఇదే కథ. 1889 నాటి క్లబ్బు పేరుకు ముందు 2020లో ఏటీకే అనే మరో క్లబ్బు పేరు తగిలించారు. 'ఏటీకే తీసెయ్యండి' అన్న కేక మూడేళ్లు ఆగలేదు. 2023 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన రాత్రి, ట్రోఫీతో పాటు ఆ తీసివేత ప్రకటన కూడా వచ్చింది. అభిమానులు దేనికి ఎక్కువ సంబరపడ్డారో అప్పటి వీడియోలు చూసి మీరే చెప్పండి.

---

గ్యాలరీ గొంతు:

లెక్కల పుస్తకం గారూ, మీరు సగం దూరం వచ్చారు, నేనూ సగం వస్తాను. ప్రతి దేశానికీ జర్మన్ నిబంధనను అలాగే ఎత్తి పెట్టలేం. ఇప్పటికే అమ్ముడుపోయిన వాటిని ఎవరు తిరిగి కొంటారు? చెల్సీ 2022లో 250 కోట్ల పౌండ్లకు పోయింది.

కానీ నియంత్రణ సంస్థ ఒక్కటే చాలదు. ప్రభుత్వం మారితే దాని కోరలు పీకేయొచ్చు. అభిమానుల చేతిలో కాగితం ఉండాలి. చెల్సీ కథే చూడండి. మైదానం నేల, 'చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్' అన్న పేరు, రెండూ చెల్సీ పిచ్ ఓనర్స్ అనే సంస్థవి. అభిమానులు చిన్న చిన్న వాటాలు కొని నిలబెట్టిన సంస్థ. 2011లో అప్పటి యజమాని అబ్రమోవిచ్ ఆ నేల తిరిగి కొంటానన్నారు. 75 శాతం కావాలి, 61.6 శాతమే వచ్చింది. ఎంతో డబ్బున్న మనిషి, తన జట్టు ఆడే గడ్డిని కొనలేకపోయాడు!

బ్రెంట్‌ఫోర్డ్‌లో అభిమానుల ట్రస్టు 2012లో క్లబ్బును మాథ్యూ బెన్హమ్‌కు అప్పగించింది. కానీ స్టేడియం అమ్మకాన్ని ఆపగల ప్రత్యేక వాటా ఒకటి తన దగ్గరే ఉంచుకుంది. స్కాట్లాండ్‌లో హార్ట్స్ 2021 నుంచి అభిమానులదే. 2025లో టోనీ బ్లూమ్ దాదాపు కోటి పౌండ్లు పెట్టి 29 శాతం తీసుకున్నారు, ఆ వాటాలకు ఓటు లేదు. డబ్బు వచ్చింది, తాళం చెవి ఇంట్లోనే ఉంది. మీరు మొదట అడిగారు, నడిపినవాళ్లే అమ్ముదామంటే మనమెవరమని. పోర్ట్స్‌మత్‌లో అడిగి అమ్మారు. నేను కోరేది ఆ అడగడమే.

---

పదో నంబర్:

అప్పుడు కూడా ఒక చోట చిక్కుతారు. యజమానికి ఒకే క్లబ్బు ఉందనుకుని మాట్లాడుతున్నాం. ఫ్రాన్స్ క్లబ్బు స్ట్రాస్‌బర్గ్ చూడండి. చెల్సీ యజమానుల సంస్థే 2023లో దాన్నీ కొంది. పేరు మార్చలేదు, నీలం మార్చలేదు, స్టేడియం అక్కడే ఉంది. మీ కాగితంలో రాసుకున్నవన్నీ భద్రం. అయినా అభిమానులు ప్రతి మ్యాచ్‌లో మొదటి 15 నిమిషాలు నిశ్శబ్దంగా నిలబడ్డారు. 2025 సెప్టెంబరులో, సీజన్ మొదలైన కొత్తలోనే, వాళ్ల కెప్టెన్ వచ్చే వేసవికి చెల్సీకి వెళ్తున్నాడని ప్రకటన వచ్చింది. అన్నీ ఉన్నాయి. గెలవాలన్న కోరిక ఎవరి కోసం అన్నది మాత్రమే మారింది. దాన్ని ఏ షరతులో రాస్తారు?

---

నలుపు తెలుపు చారలు:

నాదీ ఒక ప్రశ్న, గ్యాలరీ గొంతు గారికే. 2020లో, అమ్మకానికి ముందే, మా సపోర్టర్స్ ట్రస్టు సభ్యుల్ని అడిగింది. 95 శాతానికి పైగా సౌదీ కొనుగోలుకు సరేనన్నారు. అంటే మీరు కోరినట్టు మాకు ఓటు ఇచ్చి ఉన్నా జరిగేది ఇదే. అప్పుడు దీన్ని అభిమానుల నిర్ణయమని గౌరవిస్తారా, తప్పని అంటారా?

---

గ్యాలరీ గొంతు:

రెండూ. తప్పనే అంటాను, మీ ముఖం మీదే అంటాను. మీరు ఓటేసి తెచ్చుకున్నదైతే నాతో వాదించే బాధ్యతా మీదే అవుతుంది. ఇప్పుడైతే మీరు 'మాకు ఎవరూ అవకాశం ఇవ్వలేదు' అన్నారు, నేను ఏమీ అనలేకపోయాను.

స్ట్రాస్‌బర్గ్‌కు నా దగ్గర షరతు లేదు పదో నంబర్ గారూ. రెండు క్లబ్బులు ఒకరి చేతిలో ఉండకూడదు అన్నది తప్ప ఇంకేదీ తోచడం లేదు. ఎవరికైనా తోస్తే రాయండి.